సంఘం సొమ్ము గోపురానికా, ఆడపిల్లల బోర్డింగుకా: గుంటూరు, బెజవాడ చర్చిల సేవపై చర్చ

బ్రాడీపేట వాసి (గుంటూరు):

సభ్యులందరికీ వందనాలు. మాది గుంటూరులో ఒక పాత లూథరన్ సంఘం. సభ్యుల కానుకలు, బయటి దేశాల్లో స్థిరపడ్డ మా పిల్లలు పంపిన కృతజ్ఞతార్పణలు, ఆవరణలోని దుకాణాల అద్దెలు అన్నీ కలిసి ఇప్పుడు సంఘం ఖాతాలో చెప్పుకోదగ్గ మొత్తం పోగైంది. దాన్ని దేనికి వెచ్చించాలన్న విషయంలో పెద్దల మధ్య రెండు అభిప్రాయాలు ఏర్పడ్డాయి. గోపురం ఎత్తు పెంచి, ముందు భాగానికి గ్రానైటు వేయించి, లోపల ఏసీలు పెట్టించాలని కొందరు అంటున్నారు. గుడి వెనుక చాలాకాలంగా తాళం వేసి ఉన్న ఆడపిల్లల బోర్డింగును బాగుచేయించి తిరిగి తెరవాలని మరికొందరు అంటున్నారు. నేను రెండో పక్షం మనిషిని. అయితే నా పక్షం కాబట్టి అదే సరైనదని అనుకోకుండా, గుంటూరు, విజయవాడల్లోని ఇతర సంఘాల వారి అనుభవం తెలుసుకుని మాట్లాడాలని ఇక్కడ రాస్తున్నాను.

1842 జూలై 31న లూథరన్ మిషనరీ హయ్యర్ అయ్యగారు గుంటూరు చేరినప్పుడు ఆయనకు ఇక్కడ నిలువనీడ చూపించి ఆదరించినవారు అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్స్. ఆ తొలి రోజుల నుంచే ప్రసంగం, పలక బలపం ఒకే ఆవరణలో సాగాయి. బడులు పెరిగాయి, 1885లో ఆంధ్ర క్రిస్టియన్ (ఏసీ) కాలేజీ వచ్చింది, 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి ఏర్పడి పాలన మన వాళ్ళ చేతికి రావడం మొదలైంది. ఈ చరిత్రంతా మా సంఘ పెద్దలకు కంఠోపాఠమే. వార్షికోత్సవాల్లో గంటల తరబడి చెప్పుకుంటాం. అదంతా మనం చెప్పుకోవడానికి జరిగిన పని కాదని, మనం కొనసాగించవలసిన పని అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మా పెద్దక్క ఆ బోర్డింగులోనే ఉండి చదువుకుంది. రేకు పెట్టె, చాప, సత్తు కంచం, గ్లాసు తీసుకుని వెళ్ళింది. తెల్లవారకముందే గంట కొట్టేవారు. బావి దగ్గర వరుసలో నిలబడి నీళ్ళు తోడుకుని, ప్రార్థన ముగించుకుని, లాంతరు వెలుగులో చదువుకునేవారు. శనివారం మధ్యాహ్నం పెద్ద పిల్లలు చిన్న పిల్లల తలలు దువ్వి పేలు తీసేవారు. అక్క ఉపాధ్యాయురాలై మా ఇంట్లో ఇద్దరు తమ్ముళ్ళను చదివించింది. మా కుటుంబం కూలి పని నుంచి బయటపడిన దారి అదే. మీ అభిప్రాయాలు దయచేసి నిర్మొహమాటంగా రాయండి.

విశ్రాంత నర్సు (గుంటూరు):

మాస్టారూ, మీ అక్కగారి లాంటి ఆడపిల్లలు గుంటూరులో వందలమంది ఉన్నారు. వారిలో నేనూ ఒకదాన్ని. బోర్డింగు నుంచి నేరుగా నర్సింగు శిక్షణకు వెళ్ళాను.

కూగ్లర్ అమ్మగారి సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవాలి. డాక్టర్ అన్నా కూగ్లర్ 1883లో గుంటూరు వచ్చినప్పుడు మిషను వారు ఆమెను వైద్యానికి కాక, ఇళ్ళలో ఘోషాలో ఉండే స్త్రీలకు చదువు చెప్పే పనికి పంపారు. ఆమె మాత్రం వెంట తెచ్చుకున్న మందుల పెట్టెతో రోగులను చూస్తూనే ఉన్నారు. మగ డాక్టరు ముట్టుకోవడానికి వీల్లేని ఇళ్ళలో కాన్పు కష్టమైతే తల్లీబిడ్డా ఇద్దరూ పోయే రోజులవి. 1898లో ఆస్పత్రి తెరిచేనాటికి అన్ని కులాల స్త్రీలూ ఆమె దగ్గరికి రావడం అలవాటైంది. 1930లో ఆమె ఈ ఊళ్ళోనే కన్నుమూశారు. అలాగే 1904లో జె.ఎం.జె. (జీసస్ మేరీ జోసెఫ్) సభకు చెందిన కతోలిక సిస్టర్లు గుంటూరులో అడుగుపెట్టారు. వారి బడులు, ఆస్పత్రి సేవ ఇప్పటికీ మన కళ్ళముందే ఉన్నాయి.

కూగ్లర్ అమ్మగారు డాక్టరు కావడం ఒక ఎత్తయితే, ఇక్కడి ఆడపిల్లలకు నర్సింగు నేర్పించడం మరో ఎత్తు. ఆ రోజుల్లో పరాయి మనిషి పుండు కడగడం, మలమూత్రాలు ఎత్తడం నీచమైన పని అనుకునేవారు. వెలివాడల నుంచి వచ్చిన పిల్లలు ఆ పనిని తెల్ల యూనిఫాం వేసుకుని చేసి, దానికి గౌరవం తెచ్చారు. నేను పనిచేసిన వార్డుల్లో పెద్దింటి కోడళ్ళు కాన్పు నొప్పులతో మా చేతులే పట్టుకుని ఏడ్చేవారు. ఇంటికి వెళ్ళేటప్పుడు మా చేత్తో మంచినీళ్ళు తాగి వెళ్ళేవారు. ఆ మంచినీళ్ళ విలువ మా తరానికి తెలుసు.

బోర్డింగు తెరవండి. నగరంలో నర్సింగు చదువుతున్న పల్లెటూరి పిల్లలు ఒక్కో గదిలో ఆరుగురు, ఏడుగురు కిక్కిరిసి ఉంటూ, కర్రీ పాయింట్ల కూరలతో రక్తం తక్కువై కళ్ళు తిరిగి పడిపోతున్నారు. వారికి కడుపునిండా తిండి, నిశ్చింతగా నిద్రపోయే చోటు కావాలి.

గుణదల కొండకింద (విజయవాడ):

అందరికీ నమస్కారం. నేను కతోలికుణ్ణి. బోర్డింగు తెరవాలన్న మాటతో ఏకీభవిస్తాను. కానీ గోపురం, గుడి అందం అనవసరపు ఖర్చు అనే ధోరణిని మాత్రం అంగీకరించలేను.

1924లో సెయింట్ జోసెఫ్స్ అనాథాశ్రమం చూసుకుంటున్న ఫాదర్ ఆర్లాటి గుణదల కొండమీద లూర్దుమాత స్వరూపాన్ని నిలిపారు. ఇప్పుడు ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే తిరునాళ్ళకు వచ్చే జనంలో క్రైస్తవేతరులు ఎంతమందో లెక్క కట్టడం కష్టం. వారు కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలు ఇస్తారు, కొవ్వొత్తి వెలిగిస్తారు, మెట్లమీద మోకాళ్ళతో ఎక్కుతారు. కనకదుర్గమ్మ కొండకూ, ఈ కొండకూ ఒకే ప్రయాణంలో వెళ్ళివచ్చే కుటుంబాలు నాకు తెలుసు. పిల్లలు లేని తల్లి, కొడుకును పోగొట్టుకున్న తల్లి అక్కడ కూర్చుని ఏడుస్తుంటే ఎవరూ వచ్చి నీ మతమేమిటని అడగరు. అలాంటి చోటు ఊరికి ఒకటి ఉండటం కూడా సేవే. గుడి శుభ్రంగా, అందంగా, ఎప్పుడూ తెరిచి ఉంటేనే ఆ మనిషి లోపలికి రాగలుగుతుంది. చాలా పాత చర్చిలు ఆదివారం మధ్యాహ్నానికి తాళం వేసి, మళ్ళీ ఆదివారం ఉదయమే తీస్తున్నాయి. గోపురం ఎత్తు కన్నా ముందు మీ పెద్దలు ఆలోచించవలసింది ఆ తాళం గురించి.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ కొండమీది స్వరూపం వెనుక అనాథాశ్రమం ఉంది. అనాథ పిల్లలను సాకుతున్న మనిషే ఆ మాతను అక్కడ నిలిపారు. 1954లో తరగతులు మొదలుపెట్టిన లొయోలా కాలేజీ, 1962లో వచ్చిన మేరీస్ స్టెల్లా విజయవాడ చదువులకు ఎంతో పేరు తెచ్చాయి. అయితే మిషను విద్యాసంస్థల్లో ఫీజులు పెరిగేకొద్దీ గుడిలో చివరి వరుసలో కూర్చునే కుటుంబాల పిల్లలు వాటికి దూరమవుతున్నారు. మా విచారణలోనే (పారిష్‌లోనే) ఈ బాధ వింటూ ఉంటాను.

సింగ్‌నగర్ యువకుడు (విజయవాడ):

పెద్దలకు వందనాలు. మీరందరూ ఆస్పత్రులు, కాలేజీలు ఉన్న సంఘాల గురించి రాశారు. మాది మేడమీద ఒక హాలు. అది కూడా అద్దెకే. మా పాస్టరుగారు వారమంతా ఎలక్ట్రీషియన్ పని చేసి, ఆదివారం వాక్యం చెబుతారు. సభ్యుల్లో ఆటో నడిపేవారు, ముఠా కూలీలు, ఇళ్ళలో పాచిపని చేసే అమ్మలు, ఇద్దరు ముగ్గురు ప్రైవేటు బడి టీచర్లు ఉన్నారు. మాలాంటి మందిరాలు విజయవాడ సందుల్లో ఎన్నో ఉన్నాయి. పాత సంఘాల వారు మమ్మల్ని లెక్కలోకి తీసుకోరు. అందుకే ఒక విషయం కాస్త వివరంగా రాస్తాను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, కండ్రిక నీట మునిగినప్పుడు మా సందులో నీరు మొదట మోకాలి వరకు, తర్వాత నడుము దాటి వచ్చింది. మందిరం మేడమీద ఉండటంతో సందులోని వాళ్ళందరూ అక్కడికే చేరారు. ముస్లిం కుటుంబాలు, బొట్టు పెట్టుకున్న అమ్మలు, బాలింత, పక్షవాతంతో మంచంమీద ఉన్న తాతగారు, అందరూ ఆ ఒక్క హాల్లోనే పడుకున్నారు. ప్రభురాత్రి భోజనం బల్లమీద పాల ప్యాకెట్లు పెట్టి, పసిపిల్లలున్న వాళ్ళకు ముందు పంచాం. తాగునీరు అందినప్పుడు గ్లాసు చొప్పున కొలిచి పోశాం. పాస్టరమ్మగారు ఎవరికి ఏ మందు కావాలో నోటుబుక్కులో రాసుకుని, పడవలో వచ్చినవారికి ఆ చీటీ ఇచ్చి పంపేవారు. షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు, ఒకరికి ఇన్సులిన్.

నీరు తీసిన తర్వాత అసలు పని మొదలైంది. ఇళ్ళలో బురద పారలతో ఎత్తి పోశాం. తడిసిన ఆధార్ కార్డులు, పదో తరగతి సర్టిఫికెట్లు, ఇంటి కాగితాలు, పిల్లల పుస్తకాలు మందిరంలో చాపలమీద పరిచి, ఒక్కో పుట మధ్య పాత పేపరు ముక్క పెట్టి, ఫ్యాన్ల కింద ఆరబెట్టాం. కొన్ని పుటలు అతుక్కుపోయి ఇక విడిపోలేదు. ఆ ఇంటి పిల్ల దాన్ని పట్టుకుని మెట్లమీద చాలాసేపు కూర్చుంది. మరుసటి వారం ఆ తరగతి చదివిన పెద్ద పిల్లల ఇళ్ళు తిరిగి ఆమెకు పుస్తకాలు సమకూర్చాం.

మాకు ఆస్తి లేదు, సినడు (సంఘాల పాలక సభ) లేదు, పేరు లేదు. సందులో ఎవరింట్లో గ్యాసు అయిపోయిందో, ఎవరి కొడుకు తాగుడుకు అలవాటుపడ్డాడో మాత్రం తెలుసు. బ్రాడీపేట పెద్దాయన గారూ, మీ దగ్గర స్థలం, భవనం, సొమ్ము మూడూ ఉన్నాయి. మా సందులో ఇంటర్ పూర్తయిన ఆడపిల్లలు గుంటూరులో సీటు వచ్చినా, ఉండటానికి చోటు లేక చదువు మానేసి బట్టల షాపుల్లో నిలబడుతున్నారు. మీ బోర్డింగు తెరిస్తే అందులో మా పిల్లలకు చోటిస్తారా, లేక మీ సంఘం సభ్యత్వ పత్రం అడుగుతారా?

మొగల్రాజపురం గృహస్థు (విజయవాడ):

నేను హిందువును. ఈ చర్చ చదువుతూ రాయాలనిపించింది. మా వీధి చివర ఒక మందిరం ఉంది. సాయంత్రం పూట అక్కడ పిల్లలకు ఉచితంగా ట్యూషన్ చెబుతారు. మా పనిమనిషి కొడుకు అక్కడే లెక్కలు నేర్చుకుని పాలిటెక్నిక్‌లో చేరాడు. ఆ మేలు మరిచిపోను. కానీ ఉపవాస కూటాల రోజుల్లో మైకు రాత్రి పది దాటినా ఆగదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడ్ స్పీకర్లు వాడకూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. ఇది గుడికీ, మసీదుకూ, చర్చికీ సమానమే. మైకు తగ్గిస్తే ఇరుగుపొరుగు ఆ ట్యూషన్‌కు బెంచీలు కొనివ్వడానికి కూడా ముందుకు వస్తారు. నేను స్వయంగా ఇస్తాను.

బోర్డింగు విషయంలో యువకుడు అడిగిన ప్రశ్నే నాదీ. అన్ని మతాల పిల్లలను తీసుకుంటారా? తీసుకుంటే ప్రార్థనకు రావడం వారి ఇష్టానికే వదిలిపెడతామని ముందే రాసి ఇవ్వగలరా? తల్లిదండ్రులకు ఆ ఒక్క హామీ చాలు.

తెనాలి ఉపాధ్యాయుడు:

చర్చ మంచి దారిలో సాగుతోంది. అయితే ఎవరూ ఎత్తని మాట ఒకటి ఉంది. మన సంఘాల్లో కులం ఉంది. సంఘం ఎన్నికల్లో ప్యానళ్ళు కులాన్ని బట్టే ఏర్పడతాయి, పెళ్ళి సంబంధాలు కులాన్ని బట్టే కుదురుతాయి. కొన్ని ఊళ్ళలో సమాధుల దొడ్లో కూడా ఎవరి మూల వారిదే. గుంటూరు లూథరన్ ట్రైనింగ్ స్కూల్లో పాఠాలు చెప్పిన జాషువా కవి రెండు వైపుల నుంచీ ఎన్ని అవమానాలు పడ్డారో మనకు తెలుసు. పురాణ వస్తువులపై కవిత్వం రాసినందుకు మన వాళ్ళు దూరం పెట్టారు, పుట్టిన కులం కారణంగా బయటివాళ్ళు దూరం పెట్టారు. బోర్డింగు ఏ వాడ పిల్లలకు, ఎవరి సిఫారసుతో అన్నది తేల్చకుండా తెరిస్తే అందులోనూ ఇదే జరుగుతుంది.

చట్టం వైపు నుంచి ఉన్న ఇబ్బంది వేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించారు. క్రైస్తవులైన దళితులకు మాత్రం రాలేదు. మన రాష్ట్రంలో వారిని బీసీ-సీ కింద చేర్చి ఒక శాతం రిజర్వేషను ఇచ్చారు. వారికీ ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో శాసనసభ తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. ఈలోగా ఒక పేద తండ్రి బాప్తిస్మం సంగతి కాగితంమీద దాచుకోవాలా, బిడ్డ సీటు వదులుకోవాలా అని ఆలోచిస్తున్నాడు. ఆదివారం ప్రసంగాల్లో ఈ వేదన గురించి ఒక్క ముక్క వినబడదు.

ఇక బోర్డింగు. బడి పిల్లలకోసమైతే అవసరం మునుపటంత లేదని నా అనుభవం. 1972లో తాడికొండ గురుకులం మొదలైన నాటి నుంచి ప్రభుత్వ గురుకులాలు విస్తరించాయి, సంక్షేమ వసతి గృహాలూ ఉన్నాయి. లోటు ఉన్నది ఆ తర్వాతి మెట్టులో. డిగ్రీ, నర్సింగు, ల్యాబ్ టెక్నీషియన్, బీఈడీ చదివే ఆడపిల్లలకు నగరంలో నమ్మకమైన వసతి దొరకదు. పాత బోర్డింగును పాత రూపంలోనే తెరవాలన్న మమకారం పక్కన పెట్టి, నేటి పిల్లకు ఎక్కడ అడ్డు తగులుతోందో చూడండి.

కృష్ణలంక న్యాయవాది (విజయవాడ):

ఉపాధ్యాయుల వారి సూచనకు చట్టపరంగా కూడా బలం ఉంది. సంరక్షణ అవసరమైన పిల్లలను ఉంచే సంస్థలు 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద నమోదు చేసుకోవాలి. అందుకు సిబ్బంది, గదుల విస్తీర్ణం, తనిఖీలు, రికార్డులు అన్నీ నిబంధనల ప్రకారం ఉండాలి. పద్దెనిమిదేళ్ళు నిండిన విద్యార్థినుల హాస్టలుకు ఆ బరువు ఉండదు. అగ్నిమాపక ఏర్పాట్లు, ఆహార భద్రత రిజిస్ట్రేషను, నగరపాలక సంస్థ అనుమతులు మాత్రం చూసుకోవాలి.

డబ్బు గురించి ఒక హెచ్చరిక. విదేశాల నుంచి వచ్చిన కానుకలు అని రాశారు. భారత పౌరసత్వం ఉన్నవారు తమ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపినది ఒక రకం. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు పంపినది విదేశీ విరాళమే అవుతుంది. దానికి 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు ఉండాలి, ఆ సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. 2020 సవరణ తర్వాత అలా వచ్చిన సొమ్మును ఒక సంస్థ ఇంకో సంస్థకు బదిలీ చేయడానికి కూడా వీల్లేదు. పెద్ద సంస్థలు తెచ్చి చిన్న సంఘాల బోర్డింగులకు పంచే పాత పద్ధతి దాంతో ఆగిపోయింది. చాలా హాస్టళ్ళకు తాళాలు పడటానికి ఇదీ ఒక కారణం. కాబట్టి ముందు మీ ఖాతాను ఆడిటరుకు చూపించండి.

విషయం కాస్త పక్కకు వెళ్ళినా, సింగ్‌నగర్ తమ్ముడికి ఒక మాట చెప్పాలి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్ళి జరిపించడానికి అధికారం లేదా లైసెన్సు ఉన్నవారే జరిపించాలి. చిన్న మందిరాల్లో లైసెన్సు లేకుండా పెళ్ళిళ్ళు చేస్తున్నారు. సంవత్సరాల తర్వాత పాస్‌పోర్టుకో, భర్త పోయాక పింఛనుకో కాగితం అవసరమైనప్పుడు ఆ ఆడబిడ్డలు నా ఆఫీసుకు వచ్చి నిలబడుతున్నారు. మీ పాస్టరుగారికి లైసెన్సు లేకపోతే, ఉన్న అయ్యగారిని పిలిపించి చేయించండి, రిజిస్టరులో సంతకాలు తప్పకుండా పెట్టించండి. వరదలో అంత చేసినవారికి ఇది పెద్ద పని కాదు.

మంగళగిరి సోదరి:

హాస్టలు తెరిస్తే రోజూ పొయ్యి వెలగాలి కదా, ఆ బియ్యం మాట ఎవరూ ఎత్తలేదు. మా స్త్రీల సమాజంలో పిడికెడు బియ్యం పద్ధతి ఇంకా నడుస్తోంది. ప్రతి పూటా ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తాం. ఆదివారం ఆ డబ్బా గుడికి తెచ్చి బస్తాలో పోస్తాం. సన్నబియ్యం, రేషను బియ్యం అన్నీ కలిసిపోతాయి, కాబట్టి ఎవరు ఏది తెచ్చారో ఎవరికీ తెలియదు. నెల తిరిగేసరికి ఇద్దరు ముగ్గురు విధవరాళ్ళకు, ఒక పాస్టరు కుటుంబానికి సరిపోతుంది. కోతకాల పండుగకు తెచ్చిన గుమ్మడికాయలు, కోడిపుంజులు, కొబ్బరికాయలు ఆరాధన తర్వాత వేలం వేస్తాం. వంకాయల బుట్ట పాడుకున్నవారు దాన్ని తిరిగి సంఘానికే ఇచ్చి మళ్ళీ పాడించడమూ ఉంది. ఆ సొమ్ముతో పప్పు, నూనె కొనవచ్చు. గుంటూరు చుట్టూ ఉన్న సంఘాల స్త్రీలు తలా ఒక నెల వంతు వేసుకుంటే మీ హాస్టలు వంటింటికి బియ్యం కొననక్కర్లేదు. మా సమాజం తరఫున మొదటి నెల మాది అని ఇప్పుడే రాసుకోండి.

బ్రాడీపేట వాసి (గుంటూరు):

మీ అందరి మాటలూ అచ్చు తీయించి నిన్నటి పెద్దల సమావేశంలో చదివి వినిపించాను. గుణదల మిత్రుని మాటకు గోపురం పక్షం వారు సంతోషించారు, తాళం గురించి చదివినప్పుడు మాత్రం కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వారం రోజులూ ఉదయం నుంచి సాయంత్రం వరకు గుడి తెరిచి ఉంచాలన్నది వెంటనే ఆమోదించారు. గ్రానైటు పని వాయిదా పడింది. గోపురం పగుళ్ళకు మరమ్మతు, సున్నం మాత్రం చేయిస్తారు. బడి పిల్లలకు కాక, పద్దెనిమిదేళ్ళు నిండి పై చదువులు చదువుతున్న ఆడపిల్లలకే హాస్టలు అన్న ప్రతిపాదనను సర్వసభ్య సమావేశం ముందు పెడతారు. ఆడిటరుకు కబురు పంపాం.

సింగ్‌నగర్ తమ్ముడూ, సభ్యత్వ పత్రం అడగకూడదని, ఏ సంఘం వారైనా, ఏ మతం వారైనా, ఏ కులం వారైనా తీసుకోవాలని, ప్రార్థన వారి ఇష్టానికే వదలాలని నేనే రాసి ఇచ్చాను. దీనికి ఇద్దరు పెద్దలు ఒప్పుకోలేదు. మన సంఘం సొమ్ముతో మన పిల్లలకే ముందు చేయాలి కదా అన్నది వారి వాదన. కూగ్లర్ అమ్మగారు అలా అనుకుని ఉంటే ఆ ఆస్పత్రికి ఎవరు వచ్చేవారని అడిగాను. చర్చ అక్కడితో ఆగింది, తేలలేదు. సర్వసభ్య సమావేశంలో ఈ నిబంధన కోసం గట్టిగా నిలబడతాను. అది తీసేస్తే నేను ఆ తీర్మానానికి ఓటు వేయను.

నర్సమ్మగారూ, వచ్చే శనివారం ఇంజనీరు కప్పు చూడటానికి వస్తున్నారు. వార్డెను, వంట, ఆరోగ్యం విషయాల్లో మీ సలహా కావాలి.

విశ్రాంత నర్సు (గుంటూరు):

శనివారం తప్పకుండా వస్తాను మాస్టారూ. కప్పుతో పాటు మరుగుదొడ్లు, నీళ్ళ ట్యాంకు, ప్రహరీ గోడ, వీధి దీపం నుంచి గేటు వరకు ఉన్న దారి కూడా ఇంజనీరుగారికి చూపించాలి. రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చే నర్సింగు పిల్లలు ఆ దారినే నడవాలి. రోజూ ఒక గుడ్డు, వారానికి రెండుసార్లు ఆకుకూర, నెలకోసారి రక్తపరీక్ష అని ఖర్చుల అంచనాలో ఇప్పుడే రాయించండి, తర్వాత చూద్దామంటే అవే ముందు ఎగిరిపోతాయి. వార్డెనుగా ఉండటానికి పదవీ విరమణ చేసిన ఇద్దరు స్టాఫ్ నర్సులతో మాట్లాడాను. ఒకరు తన మంచం, బీరువా తెచ్చుకుని అక్కడే ఉంటానన్నారు.

సింగ్‌నగర్ యువకుడు (విజయవాడ):

వందనాలు పెద్దాయన గారూ. వైరింగు పాతదై ఉంటుంది. మా పాస్టరుగారు శనివారం వచ్చి చూస్తానన్నారు. కూలి తీసుకోరు, తీగలు, స్విచ్చులు మాత్రం మీరు కొనివ్వండి.